నెవా మీద మూడు రాత్రులు

మొదటి రాత్రి నేను తీసిన ఫోటోలు 214. తెల్లారాక హోటల్ గదిలో లాప్‌టాప్‌లో వేసుకుని చూస్తే ఒక్కటి కూడా పనికొచ్చేలా లేదు. అన్నిట్లోనూ వంతెన ఉంది, నది ఉంది, ఆకాశం ఉంది. దీపాలు మాత్రం దీపాల్లా లేవు. పెద్దది చేసి చూశాను. ప్రతి దీపమూ తలకట్టు గీసినట్టు చిన్న వంపు తిరిగి ఉంది. వంతెన మీద ఎన్ని దీపాలుంటే అన్ని తలకట్లు, అన్నీ ఒకే కొలతలో, అన్నీ ఒకే వైపు వంగి. ఎవరో చిన్నపిల్లల చేత కాపీ రాయించినట్టు. కెమెరా కన్ను తెరిచి ఉన్న ఆ రెండు సెకన్లలో మా పడవ ఎటు ఊగిందో, ఆ ఊపునే ప్రతి దీపమూ గీసి పెట్టింది.

ఆ ఫోటోలను నేను చెరిపేయలేదు. ఇప్పటికీ దాచుకున్నాను. పడవలోంచి రాత్రిపూట ఫోటో తీయడం గురించి నాకు తెలిసిన మొదటి పాఠం వాటిలోనే ఉంది.

ఉద్యోగం పని మీద మూడు వారాలు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉండాల్సి వచ్చింది. జూన్ చివరి రోజులు. మా అన్నయ్య కొడుకు అక్కడే మెడిసిన్ నాలుగో ఏడాది చదువుతున్నాడు. నేను వస్తున్నానని ఫోన్ చేస్తే వాడు అడిగిన మొదటి ప్రశ్న, "అత్తా, కెమెరా తెస్తున్నావా?" అని. తెస్తున్నానంటే, "అయితే నిద్ర సంగతి మర్చిపో. ఇక్కడ వంతెనలు లేచేది అర్ధరాత్రి దాటాకే" అన్నాడు.

వాడి హాస్టల్ ఉన్నది వాసిల్యెవ్‌స్కీ దీవిలో. ఆ దీవిలో చదువుకునే పిల్లలందరికీ వంతెనల టైమింగులు కంఠతా వచ్చు. సినిమాకో, పుట్టినరోజు పార్టీకో నది దాటి వెళ్లి, ఒంటిగంట దాటేదాకా ఉండిపోతే ఇక అంతే. మెట్రో ఆగిపోతుంది, వంతెన లేచిపోతుంది, హాస్టల్ కళ్లెదుటే కనిపిస్తుంటుంది. మధ్యలో నది. అలా మొదటి ఏడాది ఒక రాత్రంతా ఒడ్డు మీద బెంచీ మీద కూర్చున్నానని చెప్పాడు. వాళ్ల నాన్నకి ఇంతవరకూ చెప్పలేదట.

అసలు వంతెనలు లేవడమెందుకో ముందు చెప్పాలి. నెవా నది పొడవు 74 కిలోమీటర్లే. లదోగా సరస్సులో మొదలై ఈ నగరం మీదుగా ఫిన్లాండ్ సింధుశాఖలో కలుస్తుంది. పొడవు తక్కువే కానీ నీరు చాలా ఎక్కువ. సగటున సెకనుకి దాదాపు 2500 ఘనమీటర్లు పారుతుంది. బాల్టిక్ సముద్రం నుంచి రష్యా లోపలికి, వోల్గా దాకా వెళ్లే ఓడలకి ఇదే దారి. సరస్సులు, నదులు, కాలువలు కలుపుతూ వేసిన వోల్గా-బాల్టిక్ జలమార్గం ఇప్పుడున్న రూపంలో 1964లో తెరిచారు. ఆ మార్గంలో వెళ్లాలన్నా, అటునుంచి సముద్రంలోకి రావాలన్నా ఓడ ఈ నగరం నడిబొడ్డున, రాజభవనాల ముందు నుంచే పోవాలి. నగరమేమో చదును నేల. వంతెనలు తక్కువ ఎత్తులో, ఒడ్డుకు అంటిపెట్టుకుని ఉంటాయి. పగలు నగరం నది దాటుతుంది. రాత్రి ఓడలు నగరాన్ని దాటుతాయి. నది గడ్డకట్టని కాలంలో, అంటే సుమారుగా ఏప్రిల్ చివరి నుంచి నవంబర్ దాకా, రాత్రి రాత్రికీ ఇదే ఒప్పందం.

ఈ నగరం కట్టిన తొలి రోజుల్లో నెవా మీద వంతెనే లేదు. 1727లో పడవలు వరసగా పేర్చి వాటి మీద చెక్కలు పరిచి ఒక తేలే వంతెన వేశారు. మంచు గడ్డలు కొట్టుకొచ్చే రోజుల్లో దాన్ని విప్పేసేవారు. శాశ్వతమైన వంతెన 1850లో గానీ రాలేదు. దాని పేరు బ్లాగోవేష్చెన్‌స్కీ. రెయిలింగు నిండా పోత ఇనుముతో చేసిన సముద్రపు గుర్రాలు, త్రిశూలాలు ఉంటాయి. పగలు ఆ వంతెన మీద నడుస్తూ ఆ సముద్రపు గుర్రాల్ని ఎన్ని ఫోటోలు తీశానో లెక్క లేదు. నాకు మాత్రం అందరిలాగే రాత్రి కావాల్సింది దానికి ఎగువన ఉన్న ప్యాలెస్ బ్రిడ్జి. 1916లో తెరిచిన వంతెన. ఒక పక్క ఒకప్పటి జార్ చక్రవర్తుల వింటర్ ప్యాలెస్, ఇంకో పక్క వాసిల్యెవ్‌స్కీ దీవి కొస. దాని మధ్య భాగం రెండు రెక్కలుగా విడిపోయి పైకి లేస్తే, దిగువ నుంచి చూసేవాళ్లకి ఆ రెండు రెక్కల నడుమ పీటర్-పాల్ కోటలోని చర్చి బంగారు శిఖరం కనిపిస్తుంది. 122.5 మీటర్ల ఎత్తు. మీరు ఆ నగరం పోస్టుకార్డు ఏదైనా చూసుంటే ఆ దృశ్యాన్నే చూసుంటారు.

ఇక మొదటి రాత్రి. టూరిస్టు పడవ ఎక్కాం. కాలువల్లోంచి బయల్దేరి నెవాలోకి వెళ్తుంది. కాలువల మీది వంతెనలు ఎంత కిందికి ఉంటాయంటే, పై డెక్ మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారంటే తల కొట్టుకుంటుంది. గైడు మైకులో పదేపదే అరుస్తూనే ఉంది. నేను ట్రైపాడ్ కాళ్లు మడిచి ఒళ్లో పెట్టుకుని, దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకుని కూర్చున్నాను. నెవాలోకి రాగానే దాన్ని డెక్ మీద నిలబెట్టాను. ఎంతో జాగ్రత్తగా, కాళ్లకి రబ్బరు బొడిపెలు కూడా తొడిగి.

ట్రైపాడ్ అనేది నేల కదలదన్న నమ్మకం మీద పనిచేసే వస్తువు. పడవ నేల కదులుతుంది. పైగా ఇంజను ఆగదు. ప్రవాహానికి కొట్టుకుపోకుండా పడవని ఒకే చోట నిలబెట్టాలంటే కెప్టెన్ ముక్కుని ఎగువకి తిప్పి ఇంజను నడుపుతూనే ఉండాలి. ఆ అదురు డెక్‌లోకి, డెక్ నుంచి ట్రైపాడ్ కాళ్లలోకి, అక్కడినుంచి నేరుగా కెమెరాలోకి వస్తుంది. దానికి తోడు పక్కనే ఇంకో ఇరవై పడవలు. అన్నీ అలలు రేపుతుంటాయి. రెండు సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టుకుని నేను చేసింది పడవ ఊపుకి బొమ్మ గీయడమే. అప్పుడు తెలియలేదు. కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీద అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించాయి.

రెండో రాత్రికి నాలుగు రోజులు ఆగాను. వానలు. ఈలోపు ఆలోచించాను. నేలని నమ్మలేనప్పుడు ఒంటినే నమ్ముకోవాలి. మోకాళ్లు కొంచెం వంచి నిలబడితే అదురు సగం కాళ్లలోనే ఆగిపోతుంది. మోచేతులు పక్కటెముకలకి నొక్కి, కెమెరాని నుదుటికి ఆనించి, ఊపిరి వదులుతూ నొక్కాలి. రెయిలింగుకి ఆనుకోకూడదు. ఆనుకున్నారా, పడవ అదురంతా మీదే. లెన్సులో ఉండే స్టెబిలైజేషన్ చేతి వణుకుని సర్దుతుంది గానీ పడవ ఊగడాన్ని పూర్తిగా సర్దలేదు. కాబట్టి వేగంగా తీయాల్సిందే. సెకనులో 125వ వంతు. అంత వేగంగా తీయాలంటే వెలుతురు మింగే లెన్సు కావాలి. జూమ్ పక్కన పెట్టి 85 మిల్లీమీటర్ల లెన్సు తగిలించాను. లెన్సు కంతని ఎఫ్ 2కి బాగా తెరిచి, కెమెరా సున్నితత్వాన్ని ఐఎస్ఓ 3200కి పెంచాను. ఫోటోలో నూక, అంటే చుక్కచుక్కల గరుకు, పడుతుంది, పడనీ. నూక పడిన ఫోటోని బాగుచేయొచ్చు. తలకట్టు పడిన ఫోటోని ఏం చేయలేం.

ఇంకో సంగతి. వంతెనకి పెట్టిన లైట్లు చాలా తీవ్రంగా ఉంటాయి. చుట్టూ ఉన్న చీకటిని చూసి కెమెరా మోసపోయి వాటిని తెల్లగా కాల్చేస్తుంది. వెలుతురు ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించి, కెమెరా ఏ మెరుగులూ దిద్దని రా ఫైల్‌లో తీస్తే నీడల్ని తర్వాత పైకి తెచ్చుకోవచ్చు. తెల్లగా కాలిపోయిన దీపంలోంచి మాత్రం ఏదీ వెనక్కి రాదు.

ఆ నగరపు తెల్లరాత్రుల గురించి, అంటే పూర్తిగా చీకటి పడని వేసవి రాత్రుల గురించి, చాలామంది చెప్తారు. నాకు మా వాడు చెప్పినదొకటి ఎవరూ చెప్పలేదు. అక్కడి గడియారానికీ సూర్యుడికీ గంట తేడా ఉంది. సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో. అంటే రాత్రి అన్నిటికన్నా గాఢంగా ఉండేదీ పన్నెండింటికి కాదు, ఒంటిగంట ప్రాంతంలోనే. నేను వెళ్లిన సీజన్‌లో ప్యాలెస్ బ్రిడ్జి లేచేది 1:10కి. సరిగ్గా ఉన్న కాస్త చీకటీ పూర్తయ్యే సమయానికి! జూన్ చివర్లో సూర్యుడు అప్పుడు కూడా ఉత్తరాన క్షితిజానికి ఆరేడు డిగ్రీల కిందే ఉంటాడు. ఆ వైపు ఆకాశం అడుగున నారింజ చార ఒకటి రాత్రంతా ఆరకుండా ఉంటుంది. వంతెన లేచిన నిమిషం నుంచి వెలుతురు పెరగడమే గానీ తగ్గడం ఉండదు. ఈ ఒక్క మాట ముందే అర్థమై ఉంటే మొదటి రాత్రి అంత కంగారు పడేదాన్ని కాదు.

రెండో రాత్రి పడవ వెనక భాగంలో, పైకప్పు లేని చోట, మూల సీటు పట్టాం. దానికోసం ముప్పావుగంట ముందే వెళ్లి నిలబడ్డాం. అద్దాల వెనక కూర్చున్నారంటే మీ ముఖమే ఫోటోలో పడుతుంది, అందుకని చలి భరించాల్సిందే. జూన్ అయినా నది మీద గాలి ఎముకల్ని కొరికేస్తుంది. మా వాడు తన ఉన్ని టోపీ తీసి నా తలకి పెట్టాడు. "నీకొద్దా?" అంటే, "నాకు నాలుగేళ్ల అలవాటు అత్తా" అన్నాడు.

ఒంటిగంటకి వంతెన మీద కార్లు పలచబడ్డాయి. తర్వాత ఒక్కటీ లేదు. దీపాలు వెలుగుతున్న ఖాళీ వంతెన. నది మీద ఇంజన్ల చప్పుడు. అప్పుడు నడుమ ఒక సన్నని గీత కనిపించింది. ఆకాశం రంగు గీత. అది అలా వెడల్పవుతూ వచ్చింది. కదులుతోందా లేదా అని అనుమానం వచ్చేంత నెమ్మదిగా మొదలై, చూస్తుండగానే రెండు రెక్కలు పైకి వంగుతూ పోయాయి.

నేను ఊహించనిది దీపస్తంభాలు. రెక్కతో పాటు అవి కూడా లేస్తాయి. వంతెన పడుకుని ఉన్నప్పుడు నిలబడి ఉన్న స్తంభాలు, వంతెన నిలబడేసరికి పడుకుంటాయి. ఎడమ రెక్క స్తంభాలు ఎడమ ఒడ్డు వైపుకి, కుడి రెక్కవి కుడి ఒడ్డు వైపుకి, గాలిలో అడ్డంగా చాచి ఉంటాయి, వెలుగుతూనే. అయిదు నిమిషాల ముందు ఎవరో ఆ దీపం కింద నడిచి వెళ్లారు. ఇప్పుడా దీపం గాలిలో పక్కకి తిరిగి, కింద రోడ్డు లేకుండా వెలుగుతోంది. అది చూసి నాకు ఒళ్లు జలదరించింది. పోస్టుకార్డుల్లో రెక్కల మధ్య శిఖరాన్నే చూస్తాం గానీ ఈ దీపాల్ని ఎవరూ చూపించరు.

శిఖరం సంగతి కూడా చెప్పాలి. ఒడ్డు మీద నిలబడి తీసేవాళ్లకి అది ఒక చోట ఉంటుంది. పడవలోంచి చూస్తే అది నడుస్తుంది. పడవ పది మీటర్లు పక్కకి జరిగితే శిఖరం ఎడమ రెక్క వెనక దాక్కుంటుంది, ఇంకో పది మీటర్లకి కుడి రెక్క వైపు వస్తుంది. నడుమకి వచ్చే క్షణం కోసం కాచుకోవాలి. పక్క పడవలు అడ్డం రాకూడదు, ముందువాళ్లు చేతులెత్తకూడదు, అల రాకూడదు. ఆ రాత్రి అది ఆరుసార్లు నడుమకి వచ్చింది. నాలుగుసార్లు ఎవరిదో ఫోన్ అడ్డమొచ్చింది. మిగతా రెండుసార్లు దొరికింది. రెండోదానిలో శిఖరం నిటారుగా, సూదిలా, అడుగున నారింజ చారతో. చూసుకుని మా వాడి భుజం గట్టిగా పట్టుకున్నాను. మాట రాలేదు.

పడవ అక్కడినుంచి ప్యాలెస్ బ్రిడ్జి పక్క కమాను కింద దూరి ఎగువకి పోయింది. ట్రినిటీ బ్రిడ్జి 1:20కే లేచింది. అది ఫ్రెంచి కంపెనీ కట్టిన వంతెన. నగరానికి 200 ఏళ్లు నిండిన 1903లో తెరిచారు. మొదట్లో దాని కదిలే భాగం పక్కకి తిరిగేదట. 1960లలో మార్చి, ఒకే రెక్కగా పైకి లేచేలా చేశారు. దాని మీద ట్రాములు నడుస్తాయి. రోడ్డు, పట్టాలు, కరెంటు స్తంభాలు, అన్నీ కలిసి ఒక గోడలా నిలబడతాయి. దాని ఎగువన లితేయ్నీ. 1879లో తెరిచినప్పుడు విద్యుద్దీపాలతో వెలిగించిన వంతెన అది. రష్యన్ ఇంజనీరు యాబ్లొచ్‌కొవ్ కనిపెట్టిన దీపాలు. వీధుల్లో గ్యాసు దీపాలు వెలిగే రోజులవి. ఆ రాత్రి ఆ వంతెన మీద నిలబడి జనం ఎలా చూసి ఉంటారా అనుకున్నాను. ఇప్పుడు దాని కదిలే భాగం బరువు మూడు వేల టన్నులు పైమాటే. అయినా రెండు నిమిషాల్లో 67 డిగ్రీలు లేచి నిలబడుతుంది. లితేయ్నీ ఫోటోలు నాకు బాగా రాలేదు. అప్పటికి చేతులు మొద్దుబారాయి.

ఒడ్డుకి చేరేసరికి 2:20. పడవ దిగినవాళ్లంతా టాక్సీల కోసం పరుగు పెట్టారు. మేం హోటల్‌కి నడుస్తూ ఒడ్డు వెంట పోతున్నాం. అప్పుడు మా వాడు ఆగి, "అత్తా, అటు చూడు" అన్నాడు.

దిగువ నుంచి ఒక ఓడ వస్తోంది. పెద్దది, పొడుగ్గా, దాదాపు చీకటిగా. ఎరుపు, ఆకుపచ్చ దీపాలు, వెనక కేబిన్‌లో మసక వెలుతురు, అంతే. చప్పుడు కూడా ఏమంత లేదు. అందరూ ఎగబడి ఫోటోలు తీసిన ఆ రెక్కల నడుమ నుంచి, ఇప్పుడు ఒడ్డున పట్టుమని పది మంది కూడా లేని వేళ, అది అలా జారిపోయింది. దాని వెనక చాలా దూరంలో ఇంకొకటి.

కెమెరా తీశాను. బ్యాటరీ అయిపోయింది. రెండోది హోటల్ గదిలో ఛార్జర్‌లో ఉంది.

నేను అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. బ్యాటరీ గురించి కాదు నా బాధ. రెండు రాత్రులు ఆ వంతెన లేవడాన్నే చూశాను. ఎవరి కోసం లేస్తోందో చూడలేదు. దీపాలు, శిఖరం, రంగుల ఆకాశం, ఇవన్నీ మనకి అలా కలిసొచ్చినవి. వంతెన లేచింది మాత్రం ఈ ఓడకి దారివ్వడానికి. ఆ ఓడ లేని నా ఫోటో ఎంత బాగున్నా, గుమ్మం తెరిచి ఉంచి, వచ్చే మనిషిని మాత్రం వదిలేసినట్టుగా అనిపించింది.

మూడో రాత్రి కోసం టూరిస్టు పడవ పనికిరాదు. అవన్నీ రెండున్నరకల్లా వెళ్లిపోతాయి. మా వాడు, వాడి క్లాస్‌మేట్లు ఇద్దరు, నేను కలిసి ఒక చిన్న మోటారు పడవ మాట్లాడుకున్నాం. దాని కెప్టెన్‌కి అరవై ఏళ్లు పైబడి ఉంటాయి. మేం ఏం కావాలనుకుంటున్నామో మా వాడు రష్యన్‌లో చెప్తే, ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఏదో అన్నాడు. "ఏమంటున్నాడ్రా?" అన్నాను. "మొదటిసారి ఎవరో ఓడల కోసం అడిగారంటున్నాడు అత్తా. ఆయన ముప్పై ఏళ్లు ఆ ఓడల మీదే పనిచేశాడట."

ఆయన షరతులు మూడు. ఓడలు పోయే దారిలోకి వెళ్లం. లేచిన రెక్కల కిందికి అసలే వెళ్లం. ఓడ దగ్గరికి వచ్చినప్పుడు ఎవ్వరూ నిలబడకూడదు. మూడోది నాకు కొంచెం కష్టమైనదే, మోకాళ్లు వంచి నిలబడే నా పద్ధతి అంతా పోయింది. పడవ అడుగున లైఫ్ జాకెట్లు రెండు మడిచి వేసుకుని, వాటి మీద కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించుకుని సాధన చేశాను. లైఫ్ జాకెట్ల మెత్తదనం ఇంజను అదురుని బాగా ఆపింది. ట్రైపాడ్ చేయలేని పని అవి చేశాయి.

1:10కి వంతెన లేచింది. చుట్టూ పడవల జాతర. నేను తీయలేదు. ఒక్కటి కూడా. ఊరికే చూశాను. ఆ రెక్కలు అలా లేస్తుంటే కెమెరా లేకుండా చూడటం అదే మొదటిసారి. తర్వాత ఒక్కొక్కటిగా పడవలన్నీ వెళ్లిపోయాయి. సంగీతం, మైకులు, కేకలు అన్నీ సద్దుమణిగాయి. రెండున్నరకల్లా నది మీద మాతో కలిపి మూడే పడవలు. నీళ్లు నున్నబడ్డాయి. లేచిన రెక్కల నీడలు నీళ్లలో తల్లకిందులుగా కనిపించాయి. అంతకుముందు అలల్లో కనిపించలేదు. కెప్టెన్ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు.

వెలుతురు పెరుగుతూ వచ్చింది. ప్రతి పది నిమిషాలకీ మీటరు చూసుకుంటున్నాను. ఐఎస్ఓ 3200 నుంచి 1600, అక్కడినుంచి 800. లెన్సు కూడా ఎఫ్ 4కి ముడుచుకోగలిగాను. మూడు దాటేసరికి కోట గోడలు గులాబీ రంగు తిరిగాయి. సూర్యోదయానికి ఇంకా అరగంట టైముంది.

కెప్టెన్ రేడియోలో ఏదో వింటూ, చేత్తో దిగువకి చూపించాడు.

ఓడ వచ్చింది. వోల్గో-బాల్ట్ తరగతి ఓడ అని ఆయనే చెప్పాడు. 114 మీటర్ల పొడవు, 13 మీటర్ల వెడల్పు. నదిలోనూ సముద్రంలోనూ నడిచేలా కట్టిన సరుకు ఓడ. కూర్చుని చూస్తున్న నాకు అది ఒక వీధి కదిలొస్తున్నట్టుంది. పక్కల మీద తుప్పు చారలు, లంగరు కింద ఏళ్ల తరబడి గొలుసు రాపిడికి పెయింటు పోయి మెరుస్తున్న ఇనుము. ఓడ ముందుభాగంలో నారింజరంగు జాకెట్ వేసుకున్న మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. చేతిలో రేడియో. ఒక పక్క వింటర్ ప్యాలెస్, ఇంకో పక్క దీవి కొసన దీపస్తంభాల్లాంటి రెండు ఎర్రటి రోస్ట్రల్ స్తంభాలు, ఎదురుగా బంగారు శిఖరం. అతను వాటిల్లో ఒక్కదాన్నీ చూడటంలేదు. నీళ్లనే చూస్తున్నాడు. రెక్కల నడుమకి వస్తున్నకొద్దీ కొంచెం ముందుకి వంగి, వంతెన కుడివైపు స్తంభం, ఎడమవైపు స్తంభం, మళ్లీ కుడివైపు. అంతే.

సెకనులో 125వ వంతు, ఎఫ్ 4, ఐఎస్ఓ 800. పదకొండు ఫోటోలు తీశాను. ఓడ ముక్కు రెక్కల నడుమకి వచ్చినప్పుడు అతను, అతని నెత్తిన ఎక్కడో ఎత్తున అడ్డంగా వెలుగుతున్న వంతెన దీపం, వెనక గులాబీ ఆకాశం, మూడూ ఒక ఫోటోలోకి వచ్చాయి. శిఖరం రాలేదు. దాన్ని ఓడ కేబిన్ మూసేసింది. పర్వాలేదు.

ఓడ దాటాక దాని అల మాకు తగిలింది. కెప్టెన్ ముందే పడవ ముక్కుని అలకి ఎదురుగా తిప్పి పెట్టాడు. మూడుసార్లు లేచి కూలబడ్డాం. నా లెన్సు మీద నీటి తుంపర పడింది. ఆ పదకొండు ఫోటోల్లో చివరి దాంట్లో ఆ చుక్కలు ఉన్నాయి.

ఇంకో రెండు ఓడలు వెళ్లాయి. వాటినీ తీశాను. ఒకదాని కేబిన్ కిటికీలో ఎవరో తువ్వాలు ఆరేసుకున్నారు.

కెప్టెన్ మమ్మల్ని ఎడమ ఒడ్డున దించాడు. డబ్బులివ్వబోతే ముందు ఫోటో చూపించమన్నాడు. కెమెరా తెర మీద ఆ నారింజ జాకెట్ మనిషిని పెద్దది చేసి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ చోట తనూ చాలా రాత్రులు నిలబడ్డానని, అక్కడ నిలబడ్డవాణ్ణి ఎవరైనా ఒడ్డు నుంచి చూస్తారని ఎప్పుడూ అనుకోలేదని అన్నట్టు మా వాడు చెప్పాడు. ఆ ఫోటో ఆయన ఫోన్‌కి పంపించాను. అది చేరేదాకా మమ్మల్ని వెళ్లనివ్వలేదు.

హాస్టల్ పిల్లలకి అవతలి ఒడ్డుకి పోవాలి. వంతెన దిగడానికి ఇంకా గంటకు పైగా ఉంది. గట్టు మీదే కూర్చున్నాం. సూర్యుడు వచ్చేశాడు. అయిదు కావస్తుండగా రెక్కలు దిగడం మొదలైంది. లేచేటప్పుడు వేలమంది చూశారు, దిగేటప్పుడు మేం నలుగురం, ఒక సైకిల్ మనిషి, వంతెన మొదట్లో ఆగిన నాలుగైదు కార్లు. అడ్డంగా ఉన్న దీపాలు మెల్లగా నిటారుగా అయ్యాయి. అప్పటికే ఎవరో వాటిని ఆర్పేశారు.

దారి వదిలారు. కార్లు వెళ్లాక మేం నడిచి దాటాం. సరిగ్గా నడుమ, రెండు రెక్కలు కలిసే చోట, రోడ్డుకి అడ్డంగా ఇనుప అతుకు ఉంది. దాని ఇవతల ఒక కాలు, అవతల ఒక కాలు పెట్టి నిలబడ్డాను. ఒక లారీ వెళ్తే అతుకు టకటకమంది, రెండు కాళ్ల కిందా రెండు రకాలుగా అదిరింది. మా వాడు ఆవులిస్తూ, "అత్తా, పద, ఎనిమిదింటికి నాకు వార్డు డ్యూటీ" అన్నాడు. ఒక్క నిమిషం అని, కెమెరా కిందికి వంచి, నా రెండు బూట్లనీ, వాటి నడుమ ఉన్న ఆ ఇనుప గీతనీ ఫోటో తీసుకున్నాను.